ఈస్టర్‌కి తెరిచే గాలిబెజ్జాలు

అమెరికాలోని ఉత్తర కెరొలీనాలో జూలై వచ్చిందంటే తుడుచుకున్న తువ్వాలు కూడా ఆరి చావదు. ఆ ఉదయమూ లూవెనా అలమరలో చెప్పులకి పట్టిన బూజు తుడిచింది. నిన్నా తుడిచింది, మొన్నా తుడిచింది. చేతులు పడిపోతున్నాయి. లోపల మంచం మీద మొగుడు హార్లన్ దగ్గుతున్నాడు. ఈ చెమ్మలోనే ఉంటే ఆయన ఊపిరితిత్తులు ఇక తేరుకోవని డాక్టరు మొహాన చెప్పేశాడు.

ఇంటి కింద మనిషి పాకేంత ఖాళీ ఉంది. అందులో దూరిన పనివాడు డ్వేన్ ఒళ్లంతా బురదతో బయటికొచ్చాడు.

"అమ్మగారూ, చలి ఆపడానికి చెక్కనేల అడుగున కట్టిన గాజుపీచంతా నీళ్లు తాగి వేలాడుతోంది. దూలాల నిండా బూజే. పునాది గోడకున్న ఈ గాలిబెజ్జాలు ఎవరు తెరిచారు?"

"ఇంకెవరు, మా ఆయనే. ఎండలకి ముందు ఈస్టర్‌కి తెరుస్తాడు, చలికి ముందు థాంక్స్‌గివింగ్‌కి మూస్తాడు. వాళ్ల నాన్న నాటి నుంచీ అదే వరస."

"అదేనమ్మా కొంప ముంచింది. ఉక్కగాలి లోపలికొచ్చి, ఏసీకి చల్లబడ్డ నేలకి తగిలి నీరవుతోంది. ముందు అవి మూయాలి. ఆ తర్వాతే మట్టి మీద ప్లాస్టిక్ పట్టా, తేమ లాగే మిషనూ. మూయకపోతే నేనెంత చేసినా దండగ."

ఆ మాట విని హార్లన్ చేతికర్రతో గుమ్మంలోకి వచ్చాడు. "మూస్తే కుళ్లిపోతుందయ్యా! ఇల్లన్నాక ఊపిరి పీల్చుకోవాలి. మా నాన్నేమన్నా పిచ్చోడా?" అంటూనే దగ్గుతో వంగిపోయాడు.

లూవెనాకి ఒళ్లు మండింది.

"ఇల్లు పీల్చుకుంటోంది సరే, మరి నువ్వో? తుడిచీ తుడిచీ నా ఓపిక అయిపోయింది హార్లన్. నువ్వు పోయాక ఈ కొంపని నేనేం చేసుకోను?"

ఆయన నెమ్మదిగా మెట్లు దిగాడు. డ్వేన్ సాయం వెళ్లబోతే లూవెనా కళ్లతోనే వద్దంది. గోడ పట్టుకుని నడుస్తూ ఒక్కో మూతనీ కర్రతో నొక్కి మూశాడు హార్లన్. పెరటివైపు బెజ్జానికి ఉన్నది వాళ్ల నాన్న బిగించిన మూత, తుప్పు పట్టి కదల్లేదు. వంగబోయాడు, వంగలేక గోడకి ఆనుకున్నాడు.

"ఇదొక్కటీ నువ్వు ముయ్యి లూవెనా," అన్నాడు. "నాకు ఊపిరాడ్డం లేదు."

ఇన్నాళ్ల దగ్గులో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. లూవెనా గడ్డిలో మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో మూత నొక్కింది.