రోడ్డువైపు బోర్డు

ఆ బోర్డు రాసింది నేనే. తప్పు ఇంకొకరి మీదకి నెట్టను. కమిటీ అధ్యక్షులు పద్మనాభయ్యగారు సుద్దముక్కతో రాస్తే చాలన్నారు. ఉప్పుగాలికి సుద్ద నిలవదని ఆయనతో వాదించి, నల్ల చెక్కల మీద తెల్లరంగుతో, నా చేత్తో రాశాను. ముప్ఫై ఏళ్ళు మిషన్ బడిలో పంతులమ్మగా చేసినదాన్ని. నా దస్తూరీ అంటే నాకు చెడ్డ గర్వం.

అరవై ఐదో సంవత్సరం సంగతి ఇది. బర్మాలో ఉండనివ్వకపోతే రంగం రేవు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళని మద్రాసులో దించి, జిల్లాలకి పంచి రైలెక్కించారు. మా వంతుకి అరవై కుటుంబాలు వచ్చాయి. చిట్టమూరు దారిలో పాడుబడ్డ ఉప్పు కొఠారు ఒకటి వాళ్ళకిచ్చి, కాందిశీకుల సహాయ కేంద్రం అన్నారు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఉప్పు పోయి ఇరవై ఏళ్ళయినా గోడలు ఇంకా చెమరుస్తూనే ఉండేవి. పొద్దున ఓబులేసు గంజి కాచేవాడు. నేను పిల్లలకి అక్షరాలు దిద్దించి, పెద్దవాళ్ళకి అర్జీలు రాసిపెట్టి, మధ్యాహ్నం మందుల పెట్టె తెరిచేదాన్ని. సాయంత్రమైతే అందరూ రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. తమకోసం ఎవరైనా వస్తారేమోనని.

ఎప్పుడో తాతలనాడు ఊరు వదిలినవాళ్ళ కోసం ఎవరొస్తారు? వచ్చినా ఎట్లా పోల్చుకుంటారు? అందుకే బోర్డు. కుటుంబానికొక వరస. ఇంటిపేరు, గోత్రం, రంగంలో ఉన్న పేట, ఎవరు మిగిలారు, ఎవరికోసం చూస్తున్నారు. బస్సు ఆగేచోటికి ఎదురుగా పాతించాం. దిగినవాళ్ళు టీ తాగుతూ చదువుతారు, ఊళ్ళకెళ్ళి చెబుతారు. నిజంగానే పదకొండు కుటుంబాల చుట్టాలు వెతుక్కుంటూ వచ్చారు. నా కాలు నేల మీద నిలవలేదు.

వచ్చినవాళ్ళని లోపల గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం నా పని. చెప్పింది మా రాతతో సరిపోతే టిక్కు పెట్టి, అప్పగింత పుస్తకంలో సంతకం చేయించుకుంటాను. జవాబులు రోడ్డున పెట్టి ప్రశ్నలు గదిలో అడిగే పరీక్ష ఏ బడిలోనైనా ఉంటుందా? ఆ ముక్క నాకు అప్పట్లో తట్టలేదు.

నాలుగో వరస ఇది: పాలెంకోట వారు. పైడిపాల గోత్రం. రంగంలో ఏటి అవతల డల్లా. తండ్రి, తల్లి పెంచలమ్మ లేరు. కూతురు చెంచులక్ష్మి, పద్నాలుగేళ్ళు, మేనమామ కోసం చూస్తున్నది.

పెంచలమ్మ మా కొఠారులోనే జ్వరంతో పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "మా అన్న వస్తాడు టీచరమ్మా, పిల్లని ఆయన చేతిలోనే పెట్టండి, ఇంకెవురికీ ఇయ్యబాకండి" అంది. ప్రభువు సాక్షిగా అట్లాగే చేస్తానన్నాను. ఆయన పేరు అడగాలని నాకు తోచలేదు, పిల్లకి మామ అనే తప్ప తెలియదు.

తల్లి పోయాక ఆ పిల్ల రెబెక్కమ్మ తోక అయింది. రెబెక్కమ్మ అంటే నేనే. నేను ఎటు తిరిగితే అటు వచ్చేది. ఏదో చెట్టు బెరడు అరగదీసి చెంపలకి పూసుకునేది, రంగం ఆడవాళ్ళ అలవాటు. కడుక్కోవే అని రోజూ కసిరేదాన్ని. రోజూ పూసుకునేది.

కార్తీకం ముసురులో ఒక మనిషి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, తడిసిన తువ్వాలు మూట. వాకాడు అవతల సముద్రం ఒడ్డు పాలెం నుంచి నడిచి వచ్చాడట. పేరు దూడల వెంకయ్య. పెంచలమ్మకి అన్న అన్నాడు. చెల్లెలు పోయిందని చెబితే గోడవైపు తిరిగి నుదురు ఆనించాడు. అది నటన అయినా కావచ్చని నేను అనుకున్నాను. సిగ్గుపడుతున్నాను, కానీ అనుకున్నాను.

"పిల్ల ఇంటిపేరేంటి?"

"తెల్దమ్మా. మా పెంచలమ్మని ఎనిమిదేండ్లప్పుడు మా పిన్నమ్మ రంగం తోడుకోని పోయినాది. ఆడనే పెండ్లి చేసినారు. బావ మొగం కూడా నేను చూళ్ళేదు."

"గోత్రం?"

"మాయట్టా కూలోళ్ళని గోత్రం అడిగేదెవురమ్మా?"

"బయట బోర్డు చూడలేదా?"

"చదువు రాదు. కోట ఊళ్ళో ఎవురో చదివినోళ్ళు చెప్తే వచ్చినా."

ఒక్క టిక్కూ పడలేదు. ప్రశ్నలు పూర్తయ్యేదాకా పిల్లని చూపించకూడదని నియమం. "మీ కరణం దగ్గర కాగితం రాయించుకురా, అప్పుడు చూద్దాం" అన్నాను. ఆయన బతిమాలలేదు. మూట విప్పి కాల్చిన తేగలు బల్ల మీద పెట్టి, "పిల్లకి ఇయ్యండి" అని వానలోనే వెళ్ళిపోయాడు. తేగలు చెంచులక్ష్మికి ఇచ్చాను. ఎవరు తెచ్చారంటే, ఎవరో అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఇంకొకాయన వచ్చాడు. మల్లెపూవు లాంటి చొక్కా, చేతికి గడియారం, గొడుగు. పాపం రెండు రోజులుగా బస్సుల దగ్గర తచ్చాడుతూ, లోపలికి రావడానికి మొహమాటపడ్డాడట. నన్ను అమ్మగారూ అన్నాడు. దగ్గర్లో ఉన్న వంటవాడు ఓబులేసుని కూడా మీరు అన్నాడు. ఓబులేసుకి అదే నచ్చలేదు. "నన్ను మీరు అనేవోడు మంచోడు కాదమ్మా" అని గొణిగాడు. నేను నవ్వేశాను.

"ఇంటిపేరు?"

"పాలెంకోట."

"గోత్రం?"

"పైడిపాల. రంగంలో డల్లాలో ఉండేవాళ్ళు. మా పెంచలమ్మ పోయిందని తెలిసి గుండె పగిలింది అమ్మగారూ."

టిక్కు, టిక్కు, టిక్కు. నూటికి నూరు వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాను. చదువుకున్నవాడు, పెద్దమనిషి. ఈయన్ని కాగితం అడగడానికి నాకు నోరు రాలేదు.

చెంచులక్ష్మిని పిలిస్తే గుమ్మం దాటి రాలేదు. నా చెంగు పట్టుకుని, వినబడీ వినబడకుండా అంది.

"టీచరమ్మా, ఈయన మొన్న మన బోర్డు మీద వేలు పెట్టి చదవతా ఉండె. పెదాలు కదిలిస్తా, పాఠం మాదిరి."

"పెద్దవాళ్ళ మీద చాడీలా? మీ అమ్మ కోరిక ఇన్నాళ్ళకి తీరుతుంటే!" అని గదిమాను.

అప్పుడా పిల్ల ఆయన్నే అడిగింది. "తేగలు తెచ్చింది నువ్వేనా మామా?"

"నేనేనమ్మా, ఇంకెవరు తెస్తారు?" అన్నాడు, నవ్వుతూ.

నేను విన్నాను. తేగలు తెచ్చింది ఎవరో నాకు తెలుసు. పిల్లని ఊరుకోబెట్టడానికి అన్నాడులే అనుకున్నాను. మనసు వద్దంటూనే ఉంది, చెయ్యి మాత్రం పుస్తకం తెరిచింది.

సంతకం పెట్టాడు. పిల్ల మూట తనే అందుకున్నాడు. చిల్లకూరులో ఇల్లన్నాడు, నాయుడుపేట బస్సు ఎక్కించాడు. చిల్లకూరు ఇటు కదా, అటు పోయే బస్సెందుకని ఓబులేసు అంటే, ఏదో పని ఉండి ఉంటుందిలే అన్నాను. బస్సు కదిలాక చెంచులక్ష్మి వెనక అద్దంలోంచి చూసింది. ఏడవలేదు. నావైపే చూస్తూ ఉంది.

ఆ తర్వాత ఎనిమిదో రోజు వెంకయ్య వచ్చాడు. కరణం నెల్లూరు వెళ్ళి ఉంటే, వచ్చేదాకా ఆయన అరుగు మీదే కూర్చున్నాడట. కాగితం తడవకుండా తాటాకులో చుట్టి తెచ్చాడు. చంకలో కొత్త లంగా గుడ్డ.

కాగితం చదివాను. దూడల వెంకయ్య, రంగం పోయిన దూడల పెంచలమ్మకి సొంత అన్న. కింద కరణం సంతకం, పక్కన మునసబు ముద్ర. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"పిల్లని మేనమామే వచ్చి తీసుకెళ్ళాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు" అని పుస్తకం తెరిచి చదివి వినిపించాను. "పాలెంకోట మాలకొండయ్య. పెంచలమ్మ అన్న."

"పాలెంకోట అంటే ఎవురమ్మా?"

"మీ బావది. పెంచలమ్మ మొగుడి ఇంటిపేరు."

ఆయన గొంతులో కోపం లేదు, తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"మొగుడి ఇంటిపేరు అన్నకి ఎట్టొస్తాది టీచరమ్మా?"

పుస్తకంలో ఆ పేరు, దానికింద నా సంతకం. గుండ్రంగా, అందంగా ఉన్నాయి అక్షరాలు. వేలిముద్ర మనిషికి ఒక్క క్షణంలో తట్టింది, ముప్ఫై ఏళ్ళ పంతులమ్మకి తట్టలేదు. పెంచలమ్మ నా చెయ్యి ఎక్కడ పట్టుకుందో అక్కడ మండింది.

ఆ సాయంత్రమే నాయుడుపేట పోలీసుల దగ్గరికి పరుగెత్తాం. చిల్లకూరులో ఇల్లిల్లూ అడిగాం. ఆ పేరు గలవాడు అక్కడ లేడు, ఎప్పుడూ లేడు. తిరిగొచ్చి బోర్డుని కిరసనాయిలు పోసి రుద్దాను. మంచి రంగుతో రాశాను కదా, పోలేదు. చివరికి ఓబులేసు గొడ్డలితో పగలగొట్టాడు.

వెంకయ్య ఊరికి బయల్దేరుతూ లంగా గుడ్డ నా బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు.

"ఆ తేగలు... పిల్ల తినిందా అమ్మా?"

"తినింది" అన్నాను.