గడపల మీద గుడ్డబొమ్మలు

ఫేబీ జాకెట్లు కుడుతుంది. ఇందుకూరుపేటకి అవతల చిన్న ఊరు వాళ్ళది. చర్చి వెనక వీధిలో ఇల్లు, వరండాలోనే మిషను. భర్త హెబ్రోను రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. పిల్లలు కలగలేదు. ఆ మాట ఎత్తుకోవడం ఇద్దరూ మానేసి చాలా ఏళ్ళయింది.

కిందటేడు నవంబరులో తుఫాను పట్టినప్పుడు సముద్రం ఒడ్డునున్న దిబ్బపాళెం జనాన్ని తీసుకొచ్చి ఊరి బడిలో పెట్టారు. చర్చి ఆడవాళ్ళతో కలిసి ఫేబీ అక్కడికి పులిహోర పొట్లాలు పట్టుకెళ్ళింది. ఒక మూల ఆరేళ్ళ పిల్ల తడి తువ్వాలు చుట్టచుట్టి భుజాన వేసుకుని జోకొడుతూ కనిపించింది.

"ఏడవబాకమ్మా, గాలి పోతాదిలే," అని తువ్వాలుకి ధైర్యం చెబుతోంది.

గాలి పోయింది. పాళెం వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తువ్వాలు మాత్రం ఫేబీ కళ్ళముందు నుంచి పోలేదు. మిషను కింద గోతంలో జాకెట్ల ముక్కలు ఉండనే ఉన్నాయి. వాటితో ఒక బొమ్మ కుట్టింది. నల్లదారంతో కళ్ళు, ఎర్రదారంతో నోరు, పసుపు పట్టుముక్కతో లంగా. ఒక్క పిల్లకే ఇస్తే తక్కినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని మరో అయిదు కుట్టింది. పండగ బట్టల పని మధ్యలో, సందు దొరికినప్పుడల్లా కుడితే రెండు నెలలు పట్టింది.

చేతికివ్వడానికి మాత్రం ఆమెకి మనసొప్పలేదు. ధర్మం చాటుగా చెయ్యాలని చిన్నప్పటినుంచీ విన్నమాట ఒకటి. దానికంటే పెద్దది ఇంకోటుంది. పిల్లల్లేని ఆడది పరాయిపిల్లలకి బొమ్మలు పంచితే దిష్టి అంటారు, గొడ్రాలి చెయ్యి అంటారు. ఆ మాటలు పడీ పడీ ఉంది.

వారానికోసారి చేపలకోసం ఆమె దిబ్బపాళెం వెళ్ళడం మామూలే. పొద్దున ఎనిమిదింటికి పడవలు ఒడ్డుకొస్తే ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. ఆ వేళ చూసుకుని, చిన్న లంగాలు ఆరేసి ఉన్న ఆరు ఇళ్ళ గడపల మీద ఆరు బొమ్మలూ పెట్టేసింది. ఆ పిల్ల ఇల్లు నీలం తలుపుదని అంతకుముందు చేపలకి వచ్చినప్పుడే చూసిపెట్టుకుంది. అక్కడ పసుపు లంగా బొమ్మని కూర్చోబెట్టి తనలో తను నవ్వుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పక్కామె, "ఏందక్కా, అంత సంబరంగా ఉండావు?" అని అడిగింది కూడా.

మళ్ళీ మూడు వారాలదాకా అటు పోలేదు. పోతే ఆ పిల్లల్ని చూడాలనిపిస్తుంది, చూస్తే మొహంలో తెలిసిపోతుందని భయం.

నాలుగో వారం వెళ్ళేసరికి, తను ఎప్పుడూ ఎండుచేపలు కొనే ముసలమ్మ అందరితో పాటు కాకుండా, దూరంగా సరుగుడు తోట పక్కన కూర్చుని ఉంది. గంప నిండుగా ఉంది.

"ఏంది పెద్దమ్మా, ఇక్కడ కూచున్నావు?"

"నా దగ్గర కొనబాకమ్మే. చూస్తే నిన్నూ అంటారు." ముసలమ్మ గంప మీద గోనె కప్పింది. "ఇళ్ళ ముందర బొమ్మలు పెట్టి చేతబడి చేసినానంట. విజయకుమారి కూతురు స్వర్ణ లేదూ, నీలం తలుపు ఇల్లు, ఆ బిడ్డ జొరమొచ్చి చచ్చిపోయింది. బొమ్మని చించితే కడుపులో సూది ముక్క ఉండాదంట. మొగుడూ బిడ్డలూ లేనిదాన్ని, పొద్దస్తమానం వలలు కుట్టుకునేదాన్ని. ఇంకెవుర్ని అంటారు?"

ఫేబీకి గుర్తొచ్చింది. పసుపు లంగా బొమ్మ కుట్టేటప్పుడు సూది విరిగింది. మొన ముక్క కనబడలేదు. చాప దులిపింది, వరండా అంతా ఊడ్చింది, ఎక్కడో బండల సందులో పడిందిలే అనుకుంది.

ఆ సంగతి చెప్పకుండానే, చేపలైనా కొనకుండా ఇంటికొచ్చేసింది.

ఫేబీ చెప్పిందంతా హెబ్రోను విన్నాడు. తర్వాత, "నువ్వు పోయి చెప్తే నీ ఒక్కదానితో పోతాదా?" అన్నాడు. "చర్చోళ్ళు చేసినారంటారు. మన వీధంతా ఆ పాళెంతో బతకాల."

"ఆ ముసలామె గతి?"

"నెల పోతే వాళ్ళే మర్చిపోతార్లే."

రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఫేబీ ఏడురోజులు గడిపింది. ప్రార్థనకి మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. ఎనిమిదోరోజున, ముసలమ్మని పాళెం వదిలిపొమ్మన్నారని చేపలమ్మే మనిషి చెప్పింది. అప్పుడు గోతంలోంచి పసుపు పట్టుముక్క తీసుకుని, భర్తకి చెప్పకుండా బయల్దేరింది.

పాళెం పెద్ద మునెయ్య పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది చేరారు.

"బొమ్మలు పెట్టింది నేనే అన్నా," అంది ఫేబీ. "ఆ సూది నాదే. విరిగింది, కనబడలా. పిల్లలు ఆడుకుంటారని పెట్టినాను."

"మా పిల్లలు నీకేమవుతారు?"

"ఏమీ కారు."

"మరి ఎందుకు కుట్టినావు?"

తువ్వాలు సంగతి చెప్పబోయింది. చెబుతుంటే తనకే అది పిచ్చిమాటలా వినిపించింది. మునెయ్య కోప్పడలేదు. ఆమె సాక్ష్యంగా ఇచ్చిన పట్టుముక్కని అటూ ఇటూ తిప్పిచూసి తిరిగి ఇచ్చేశాడు.

"గుడ్డ ఎవురి దగ్గరైనా ఉంటాది. పెట్టేవాళ్ళు చేతికిచ్చి పోతారుగానీ, దొంగమాదిరి ఎవురు పెడతారమ్మా? ఆ ముసలిదాని మీద జాలితో వచ్చినావు. పో, ఇంటికి పో."

గుంపు వెనకనుంచి విజయకుమారి ముందుకొచ్చింది. మనిషి ఎండిపోయింది. ఫేబీ చేతిలో ఉన్న ముక్కనే చూస్తూ నిలబడింది.

"పక్కలో ఏసుకొని పండుకునేది," అంది. "జొరమొచ్చినాక మేమే లాక్కొని కాల్చినాం. పోయిందాకా 'నా పాప యాడమ్మా' అనే అడిగింది. ఆస్పత్రిలో దోమజొరం అని చెప్పినారు. దోమజొరమే. నాకు తెలుసు."

"తెలిసీ ముసలమ్మని ఎందుకమ్మా..."

"దోమని యాడికని తరిమేది?"

ఆ మాట అని విజయకుమారి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మునెయ్య తలవంచుకున్నాడు. ఒక్కొక్కరే కదిలిపోయారు.

ఫేబీ వెళ్ళేసరికి ముసలమ్మ బట్టలు మూట కడుతోంది.

"పెద్దమ్మా, ఆ బొమ్మలు పెట్టింది నేను."

"తెలుసు. పెడతావుంటే చూసినాను."

"మరి చెప్పలేదేం పెద్దమ్మా?"

"నవ్వుకుంటా పెట్టినావు. చెడు చేసే మొహం కాదది. నీ పేరు చెప్పుంటే నిన్ను కొట్టేవాళ్ళు." ముసలమ్మ ముడి బిగించింది. "నువ్వే వచ్చి చెప్తావులే అనుకున్నా. వారం చూసినా."

"మా ఇంటికి రా పెద్దమ్మా. నేను చూసుకుంటా."

"వద్దమ్మే." కోపంగా అనలేదు, అలసిపోయిన గొంతుతో అంది. "పులికాట్ ఒడ్డున మా చెల్లెలి కొడుకుండాడు. రానిస్తే ఉంటా."

రోడ్డుదాకా మూట ఫేబీ మోసింది. బస్సు వచ్చింది. ముసలమ్మ మూట అందుకుని, వెనక సీట్లో కూర్చుని, కిటికీ అవతలి వైపుకి మొహం తిప్పుకుంది.

ఎండాకాలంలో ఫేబీ రెండుసార్లు సూళ్ళూరుపేట దాకా వెళ్ళి, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల్లో తిరిగింది. ముసలమ్మ పేరుగానీ, చెల్లెలి కొడుకు పేరుగానీ ఎప్పుడూ అడిగి ఉండలేదు. ముసలమ్మ ఎక్కడుందని అడిగితే, ఏ ముసలమ్మ అని అడిగారు. మొగుడూ బిడ్డలూ లేని ముసలమ్మ అంటే ప్రతి పల్లెలోనూ ఒకామె ఉంది. వాళ్ళని ఒక్కొక్కరినీ చూపించారు. ఎవరూ ఆమె కాదు.