ఫ్లెక్సీ మీది మొఖం

కొత్తవాడ వాసంతికి కోపం ఊరికే రాదు. ఆ పొద్దు వచ్చింది. ఎందుకు రాదు మరి? హన్మకొండ మెయిన్ రోడ్డు మీద, ఆడబిడ్డ రాజశ్రీ కొత్తగ తెరుస్తున్న స్కిన్ క్లినిక్ మెట్ల పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టిన్రు. అండ్ల ఒక దిక్కు 'ముందు' అని వాసంతి మొఖం. ఇంకో దిక్కు 'తర్వాత' అని రాజశ్రీ మొఖం. మచ్చలు తీసే లైటు మిషను పెడితే ఆ మొఖం ఈ మొఖం అయితదన్నట్టు నడిమిట్ల బాణం గుర్తు.

ఆ ఫొటో ఎప్పటిదో వాసంతికి ఎరికే. డాబా మీద రంగేసిన నూలు ఆరేస్తాంటె "వదినా, జర ఇటు చూడు" అని రాజశ్రీ ఫోన్ల తీసుకున్నది. జంపఖానాల నూలుకు ఎండ కావాలె. ఏండ్ల సంది ఆ ఎండే వాసంతి చెంపలను మాడ్చి మచ్చలు చేసింది. ఉంటే ఉన్నయ్. కష్టం చేసిన మొఖం అది. దాన్ని తీస్కపోయి నడిబజార్ల ఏలాడదీస్తె ఎవలికి మండదు? నూలు తెచ్చే సారయ్య "అక్కా, నీ బొమ్మ హన్మకొండల చూసిన" అని నవ్వంగనే చేతిల పని ఇడిసిపెట్టి ఆటో ఎక్కింది.

క్లినిక్‌ల రిబ్బన్ అప్పుడే కత్తిరించిన్రు. పట్టుచీరల ఆడోళ్ళు కూల్‌డ్రింకులు తాగుతాన్రు.

"ఫ్లెక్సీ దించు," అన్నది వాసంతి, చెప్పులు ఇడవకుంటనే.

రాజశ్రీ నవ్వు చెదరలే. "మా వదిన. మొఖానికి లైటు పెట్టించుకుందామని వచ్చింది," అని అందరికి వినబడేటట్టు చెప్పింది. "కూసో వదినా, నీకు ఫ్రీ."

ఏం నోరమ్మా అది. వాసంతి ఏదో అనేలోపే క్లినిక్‌ల పనిచేసే డాక్టర్ దీప, చిన్న వయసు పిల్ల, దగ్గరికొచ్చి మొఖం చూసింది.

"ఆంటీకి ఇప్పుడు చేయకూడదు మేడం. ఎండకు కమిలిన చర్మం మీద ఈ లైటు పడితే కాలుతుంది. కొన్నాళ్ళు నీడపట్టున ఉండాలి. పైగా గడ్డం మీద పచ్చబొట్టు ఉంది. ఈ లైటు రంగును పట్టుకుంటుంది. పచ్చబొట్టు మీద పడిందంటే బొబ్బలేసి మచ్చ మిగిలిపోతుంది."

"పచ్చబొట్టు," అని రాజశ్రీ మూతి తిప్పింది. "ఊరోళ్ళ అలవాట్లు. ఏం చేస్తం."

వాసంతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పచ్చ చుక్క ఆమె పెండ్లయిన ఏడు ఐనవోలు జాతరల పొడిపించుకున్నది. పక్కన కూసొని పొడిపించుకున్నది ఎవలు? ఈ రాజశ్రీయే. అప్పటికింక బడికి పోయే పిల్ల. సూది దిగుతాంటె వదిన చెయ్యి ఇడవకుంట ఏడ్చింది. ఇప్పుడు పొద్దున లేస్తే తన గడ్డం మీది చుక్క కనబడకుంట క్రీము మెత్తుకుంటాంది.

"నాకు వద్దంటాంది కద. నువ్వే కూసో," అన్నది వాసంతి. "నలుగురు చూస్తరు."

"అవును మేడం, మీరే చేయించుకోండి," అన్నరు ఆడోళ్ళు. రాజశ్రీ ఇరుక్కపోయింది. లోపలికి పోయి, తలుపేసుకొని, మొఖం కడుక్కొని వచ్చింది. గడ్డం మీద మాత్రం చుక్క లేదు. మళ్ళ క్రీము పూసిందని వాసంతికి సమజైంది.

"మీకు పచ్చబొట్లేం లేవు కదా మేడం?" అని దీప అడిగింది.

"నాకా?" అని రాజశ్రీ నవ్వింది.

దీప జెల్ రాసి, ఆమె కండ్లకు నల్లద్దాలు పెట్టి, అందరిని అటు తిరగమన్నది. మిషను గుయ్యిమన్నది.

వాసంతికి సంతోషమైంది. అబద్ధమెందుకు, మస్తు సంతోషమైంది. కాలనీ. ఆ 'తర్వాత' మొఖం మీద బొబ్బ లేవనీ. దాన్ని గూడ ఫ్లెక్సీల పెట్టుకుంటదేమో చూద్దాం అనుకొని రాజశ్రీ పక్కనే గోడ దిక్కు తిరిగి నిలబడ్డది.

చెంప మీద మొదటి లైటు పడ్డది. రాజశ్రీ ఉలిక్కిపడి గాలిల తడుముకొని, అందిన చెయ్యి పట్టుకున్నది. అద్దాలల్ల ఎవలిదో కనబడదు. అది వాసంతి చెయ్యి. జాతరల పట్టుకున్నట్టే పట్టుకున్నది, గోర్లు దిగేటట్టు.

ఇంకో లైటు. వాసంతి ఓరకంట చూసింది. మిషను గడ్డం దిక్కు జరుగుతాంది.

"ఆపు బిడ్డా," అన్నది వాసంతి.

దీప ఆపింది. వాసంతి రెండో చేత్తోని కొంగు తీసి రాజశ్రీ గడ్డాన్ని గట్టిగ తుడిచింది. జెల్లు పోయింది, క్రీము పోయింది, పచ్చ చుక్క బయటపడ్డది. దీప మొఖం పాలిపోయింది. పట్టుచీరలల్ల ఎవలో కిసుక్కుమన్నరు.

రాజశ్రీ అద్దాలు తీసి, తను పట్టుకున్న చెయ్యి ఎవలిదో చూసి ఇదిలిచ్చుకున్నది. "నలుగురిల నా పరువు తీసినవ్. నీ కడుపుమంట సల్లారిందా?"

"సల్లారలే. నీ పరువు పోయింది, మొఖం దక్కింది. ఇగ నాది దించు."

"దించ. ఏం చేసుకుంటవో చేసుకో. మళ్ళ నా గడప తొక్కకు."

పూల పళ్ళెంల రిబ్బన్ కత్తిరించిన కత్తెర ఉన్నది. వాసంతి అది తీసుకొని మెట్లు దిగి, బాణం గుర్తు ఉన్న కాడ ఫ్లెక్సీని పై నుంచి కిందికి కోసింది. ఎవ్వలు అడ్డం రాలే. కత్తెరను మెట్టు మీద పెట్టి, తన సగాన్ని చుట్టుకొని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి మబ్బు పట్టింది. కొత్తవాడల వానకు నూలు తడవకుండ అందరు పాత ఫ్లెక్సీలే కప్పుతరు, బొమ్మ కిందికి పెట్టి. వాసంతి డాబా ఎక్కి ఆరేసిన నూలు కట్టల మీద తన ఫ్లెక్సీని పరిచింది. నాలుగు మూలల రాళ్ళు పెట్టింది. మొఖం మాత్రం పైకే ఉంచింది.