పిడి లేని తలుపు

మా బావను వర్క్‌షాపులో అందరూ 'అయిపోతుంది మేస్త్రి' అంటారు. ఎవరు ఏ పని అడిగినా, ఎంత తక్కువ గడువు పెట్టినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. మాట ఆయనది, కాయలు కాసే చేతులు మావి. కొత్త స్టేడియం వాళ్ళు వచ్చినప్పుడూ అదే అన్నాడు. గోడలకు చెక్క పలకలు, ఆటగాళ్ళ బట్టల అరలు, అర్ధచంద్రాకారంలో పెద్ద కౌంటరు, అన్నీ మొదటి మ్యాచ్‌కు ముందే కావాలట. మిగతా షాపులవాళ్ళంతా దూరం నుంచే దండం పెట్టి పంపేసిన పని అది. మా బావ కొరివితో తల గోక్కున్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఇల్లూ లేదు, నిద్రా లేదు. మా షాపులో చెక్కను వంచడం నా ఒక్కడికే బాగా వచ్చు మరి. వచ్చిన విద్యే మెడకు గుదిబండ అవుతుందని ముందు తెలిస్తే ఏ వాయిద్యమో నేర్చుకునేవాణ్ణి.

అమ్మానాన్నలు పోయాక అక్క నన్ను వెంటబెట్టుకుని కాపురానికి వచ్చింది. నాకు ఉలి పట్టడం నేర్పింది బావే. అలాంటి మనిషితో 'వెళ్ళిపోతాను' అని ఎలా అనాలో తెలియక చాలా రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. వేరే ఊళ్ళో, వడ్రంగం నేర్పే బడిలో నాకు మాస్టారు ఉద్యోగం వచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా వచ్చి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. మధ్యాహ్నం బస్సు దొరికితే ఉద్యోగం దొరికినట్టు. ఈ సంగతి అక్కకు ఒక్కదానికే చెప్పాను. అక్క నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా చెప్పాను.

పొద్దున బావ నన్ను స్టేడియానికి రమ్మన్నాడు. అక్కడ జట్టు గది తలుపు అతుకు ఒక్కసారి చూసి పొమ్మన్నాడు. ఎక్కడికి పోవాలో మాత్రం అడగలేదు.

ఆట మధ్యలో జట్టంతా కూర్చుని మాట్లాడుకునే గది అది. ఎవరూ తొంగిచూడకూడదని కిటికీలు పెట్టలేదు. ఆర్కిటెక్టు మేడమ్‌కు నాలుగు గోడలూ ఒకే దుంగలోంచి తీసిన పొరలతో, చెక్క మీది గీత ఎక్కడా తెగకుండా రావాలి. తలుపు కూడా ఆ గీతల్లో కలిసిపోవాలి. లోపలా బయటా పిడి కనబడకూడదు. అయిపోతుందన్నాడు బావ. దుంగలోంచి పొరలు తీసిన వరసలోనే అంకెలు వేసుకుని, ఆ వరసలోనే పలకలు బిగించాం. ఒక్క పలక పాడైందంటే దానికి జత ఎక్కడా దొరకదు, ఎందుకంటే ఆ దుంగ అయిపోయింది. తలుపు వెనక నొక్కితే వదిలే గొళ్ళెం ఒకటి దాచాలి. దాన్ని నిన్న నేను ఇంటికి వెళ్ళాక బావే బిగించాడు.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. బావ తలుపు వేశాడు. టక్కుమని కూర్చుంది. గీత గీతతో ఎంత చక్కగా కలిసిందంటే ఒక్క క్షణం బస్సు సంగతే మర్చిపోయాను. తర్వాత చెయ్యి ఆనే ఎత్తులో నొక్కాను. తెరుచుకోలేదు. అంచు వెంబడి నడుము దాకా నొక్కాను, పైన నొక్కాను. బావ కూడా వచ్చి నొక్కి, గొళ్ళెం పట్టేసినట్టుందన్నాడు.

ఫోనుకు ఆ కాంక్రీటు లోపల సిగ్నల్ లేదు. గుద్దాను, అరిచాను. బయట మైకులు పరీక్షిస్తున్నారు. "హలో, హలో" అని స్టేడియమంతా మోగుతుంటే నా అరుపులు వినేదెవరు? గాలి ఆడని గదిలో వార్నిష్ వాసనకు తల దిమ్మెక్కింది. నాలుగు గోడలూ నా చేత్తో పాలిష్ పెట్టినవే. ఎటు తిరిగినా అవే గీతలు. నన్ను నేనే పెట్టెలో పెట్టి మేకులు కొట్టుకున్నానా అనిపించి భయం వేసింది.

బావకు మాత్రం భయం లేదు. మామూలుగా మేకు వంకరపోతే దాని ఏడు తరాలనూ తిట్టే మనిషి, ఇవాళ నేల మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. సంచీలోంచి అక్క కట్టిన భోజనం తీశాడు. ఇద్దరికి సరిపడా ఉంది. చెంచాలు కూడా రెండున్నాయి. అతుకు చూసి పోవడానికి వచ్చినవాళ్ళకు భోజనం దేనికని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. కంగారులో బుర్ర పనిచేయలేదు.

పనిముట్ల సంచీలోంచి ఉలి తీసి తలుపు అతుకులో పెట్టాను. బావ లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాయంత్రం మేడమ్ వస్తుంది. పలక చీలితే ఏం చూపించాలిరా?"

"నేను ఇప్పుడు బయటికి వెళ్ళాలి బావా."

ఆయన వదల్లేదు. ఆ పెనుగులాటలో ఉలి జారి తలుపు అడుగున పడింది. నేను వంగబోయేలోపు బావ నన్ను పక్కకు నెట్టి తనే వంగాడు. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా కింద పడ్డ పెన్సిలు కూడా మా చేత తీయించుకునే మనిషి, గభాలున వంగి ఉలి తీసి, అక్కడే తలుపుకు అడ్డంగా కూర్చుండిపోయాడు.

"జరుగు" అన్నాను.

ఆయన నా ముఖం వంక చూశాడు. మెల్లగా జరిగాడు. తలుపు అడుగు అంచున, చీలమండ ఎత్తులో కాలి బొటనవేలితో నొక్కాను. తలుపు టక్కుమని తెరుచుకుంది. నడవాలోంచి చల్లగాలి వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గొళ్ళెం అంత కింద ఎందుకు పెట్టావని అడిగాను. ఎవరైనా గోడకు ఆనుకుంటే తెరుచుకోకూడదని మేడమే పెట్టమందట. అది నిజమే అయ్యుంటుంది. మిగతాది ఆయన చెప్పనక్కర్లేదు.

"అక్కకు తెలుసా?"

"ఇద్దరికి అన్నం కట్టమన్నాను. ఎందుకో చెప్పలేదు." బావ ఉలిని చేతిలో తిప్పుతూ తల వంచుకున్నాడు. "ఆ కౌంటరు నాకు వంగదురా. అయిపోతుందని మాటిచ్చేశాను."

"ఆగమని నన్ను అడగొచ్చుగా."

"కాదంటావేమోనని."

అడిగి ఉంటే కాదనేవాణ్ణి కాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే మళ్ళీ లోపలే ఉండిపోతానని తెలిసి మింగేశాను. నా సంచీ భుజానికి తగిలించుకుని గడప దాటాను.

"తలుపు వేసి వెళ్ళు" అన్నాడు బావ వెనక నుంచి. "అతుకు బయటి నుంచి ఎలా ఉందో చెప్పు."

తలుపు వేసి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. గోడంతా ఒకే చెట్టు. ఇప్పుడే దాటి వచ్చిన తలుపు ఎక్కడుందో నాకే కనబడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుంది బావా" అని అరిచాను.

వినబడిందో లేదో తెలియదు. గొళ్ళెం ఎక్కడుందో ఆయనకు తెలుసు. కాసేపు నిలబడ్డాను. తలుపు తెరుచుకోలేదు. బస్సుకు ఇంకా టైముంది. గేటు వైపు నడిచాను.