పక్కింటి ఏడుపు

నార్వే ఉత్తర తీరంలో మా రేవు ఊరికంతా ఒకటే క్రెష్. అందులో పసివాళ్ల గది నాది. ఆ ఏడు చలి మొదలవుతుండగా తూరున్ తన కూతురు సున్నివాను తెచ్చి చేర్పించింది. పిల్లకి ఏడాదిన్నర. తూరున్ భర్త చేపల ఓడ మీద పోతే నెలల తరబడి రాడు.

కొత్త పిల్లలు తల్లి గుమ్మం దాటగానే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తారు. సున్నివా ఏడవలేదు. తల్లి వెళ్లినా తలెత్తలేదు, సాయంత్రం వచ్చినా తలెత్తలేదు. నాతో పనిచేసే గున్వోర్, ఇలాంటి పిల్లలే అందరూ అయితే కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒకరోజు పెరట్లో గడ్డకట్టిన మంచు మీద జారిపడి సున్నివా పెదవి చిట్లింది. దెబ్బ తగిలితే ఏ పిల్లయినా ముందు ఎవరో ఒకరి ముఖంలోకి చూస్తుంది. ఇది నెత్తురు కారుతుండగానే గోడ వైపు తిరిగి నిలబడింది. ఎత్తుకుంటే నా చేతుల్లో కర్రలా బిగుసుకుపోయింది. మర్నాడు పాలు తెచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి మాత్రం రెండు చేతులూ చాచింది. ఆనాటి నుంచి గేటు గొళ్లెం ఒకటికి రెండుసార్లు చూసుకోవడం మొదలుపెట్టాను.

తూరున్‌కి పిల్ల పెదవి చూపించాను. దారిలో ఎవరిదో గ్లవ్ పడి ఉంటే చూసినట్టు చూసింది. నిద్ర పడుతోందా అని అడిగితే పడుతోందంది. ఇంట్లో తోడు కావాలా అంటే అక్కర్లేదంది.

సూర్యుడు కనపడడం మానేసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ముందుగానే వచ్చింది. బయట గాలి హోరుమంటోంది. ఒంటి మీద కోటు లేదు. పిల్లకి చలిబట్టలు తొడగబోతే వద్దంది. ఎక్కడికని అడిగాను.

"రేవు చివర రాళ్లకట్ట దాకా. కాసేపు నీళ్ల దగ్గర కూర్చుంటాం."

ఆ గాలికి ఆ కట్ట మీద బలమైన మగవాళ్లే నిలబడలేరు. నేను పిల్లను చంకనేసుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. డాక్టరుకి ఫోన్ చెయ్యమని గున్వోర్‌కి కళ్లతోనే చెప్పాను.

"కూర్చో తూరున్. కాఫీ తాగి వెళ్దువుగాని."

కూర్చుంది. పిల్లకేసి చూడకుండానే అంది: "పుట్టినప్పట్నుంచీ దీని ఏడుపు నాకు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టే ఉండేది. ఎవరో ఒకరు వెళ్తార్లే అనుకునేదాన్ని. తర్వాత ఇది ఏడవడం మానేసింది. తెలిసిపోయింది దీనికి."

"ఏం తెలిసింది?"

"నేను రానని."

డాక్టరు వచ్చి ఆమెను ఒంటరిగా వదలకూడదంది. తల్లీపిల్లల్ని విడదీయకుండా ఒకే గదిలో ఉంచి వైద్యం చేసే వార్డు దక్షిణాన పట్నంలో ఉంది. ఇద్దర్నీ అక్కడికి పంపారు. భర్త ఓడ దిగి వచ్చాడు.

మంచు కరుగుతుండగా తిరిగొచ్చారు. తూరున్ ఇప్పుడు నాలుగు మాటలు మాట్లాడుతోంది. రోజూ కాసేపు పిల్ల ఉన్నచోట నేల మీద ఊరికే కూర్చోమని వార్డులో చెప్పారట. సాయంత్రాలు మా క్రెష్ గదిలోనే కూర్చునేది. సున్నివా అవతలి మూలలోంచి రెప్ప వెయ్యకుండా ఆమెనే చూసేది. ఒకరోజు లేచి చిన్నచిన్న అడుగులేస్తూ వచ్చి, తల్లి చెయ్యి చాచినా అందనంత దూరంలో ఆగిపోయింది.

తూరున్ నా వైపు తిరిగింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని గొణిగింది.

"ఏం చెయ్యకు. లేచి మాత్రం వెళ్లిపోకు."

పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఇంకో అడుగు వెయ్యలేదు. వెనక్కీ తిరగలేదు.