ముప్ఫై ఒక్క పూతల కింద

రంగుల మేస్త్రి రైలు పెట్టెలకు రంగులు వేసే కర్మాగారంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి, ఒక గోడ గడియారం పుచ్చుకుని ఇంటికొచ్చాడు. అప్పటికే ఊళ్ళో దుమ్ము ఆయన భార్య ఊపిరితిత్తులతో పంతం పట్టి ఉంది. సముద్రం పక్కన, దుమ్ము తక్కువున్న దేశం ఒకటి రిటైరైన వాళ్ళను వచ్చి ఉండమంటోందని తెలిసి ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. దరఖాస్తులో ‘వెంట తెచ్చుకునే సామాను’ అని ఒక గడి ఉంది. ఆవిడ దేవుడి పటం, కుట్టుమిషను రాసింది. ఆయన కారు అని రాశాడు.

"మనం దేశం మారేది నా ఊపిరి కోసమా, మీ కారుకు గాలి మార్పు కోసమా?" అంది ఆవిడ.

"రెండూ పాతవే కదా. రెండింటికీ మంచిదే."

"ఎవర్ని పాత అంటున్నారు?"

కారుకు యాభై రెండేళ్ళు. అంత పాత బండిని ఆ దేశం ముచ్చటగా రానిస్తుంది గానీ, ఒక షరతు పెట్టింది. బండి తెచ్చుకునే మనిషి పేరు మీదే ఉండాలి. పుస్తకంలో ఉన్న ఛాసిస్ నంబరు, బండి ఇనుము మీద చెక్కిన నంబరు ఒక్కటే కావాలి. లేకపోతే వచ్చిన ఓడలోనే వెనక్కి పంపుతారు. ఆ షరతు చదివి మేస్త్రి నవ్వుకున్నాడు. ఆ బండిలో తనకు తెలియని మేకు ఒక్కటి లేదని ఆయన నమ్మకం.

ఓడలో నలభై రోజులు ప్రయాణం చేసి కారు రేవుకు చేరింది. రేవులో రేకుల షెడ్డు, సిమెంటు నేల, గోడకు ‘పొగ తాగరాదు’ అన్న బోర్డు, ఆ బోర్డు కిందే సిగరెట్టు కాలుస్తూ ఏజెంటు. దిగుమతి కాగితాలన్నీ చూసేది అతనే.

"మూడింటికి అధికారిణి వస్తుంది బాబాయ్. ఆవిడకు చూసి రాయడమే గానీ విని రాయడం తెలీదు. నంబరెక్కడ?"

మేస్త్రి ముందు చక్రం పక్కన వంగి, ఇనుప పట్టీ మీద చెయ్యి పెట్టాడు. అద్దంలా నున్నగా ఉంది. నంబరు లేదు.

"ఏది?" అన్నాడు ఏజెంటు.

"ఉంది. కిందుంది."

ప్రతి ఏడాదీ ఒక పూత వేయడం మేస్త్రికి నియమం. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, బ్రష్షు పట్టుకునేవాడు. పనిలో ఒక సందు వదిలితే ఆ సందులోంచే తుప్పు, పాపం రెండూ దూరతాయని ఆయన సిద్ధాంతం. అందుకే ఒక్క అంగుళం కూడా వదల్లేదు. నంబరు గుంటల్ని కూడా లప్పం పెట్టి మరీ పూడ్చాడు. బయలుదేరిన రేవులో గుమాస్తా చొక్కా నలుగుతుందని వంగనేలేదు. పుస్తకంలో చూసి రాసేసుకున్నాడు.

"రంగు తీసే మందు తెప్పించనా?" అన్నాడు ఏజెంటు.

"మందు పోస్తే ఇనుము ఏడుస్తుంది. నా సంచి ఇలా ఇవ్వు."

సంచిలోంచి పల్చటి రేకు తీసి, కింద గోనె పరుచుకుని పడుకుని గీకడం మొదలుపెట్టాడు. ముందు ఆకుపచ్చ ఊడింది. దాని కింద మీగడ రంగు. ఆ కింద బూడిద రంగు.

"అబ్బో, ఉల్లిపాయలా ఉందే!" ఏజెంటు సిగరెట్టు పారేసి తనూ వంగాడు. "ఈ నీలం ఎప్పటిది?"

"అమ్మాయి పెళ్ళి ఏడాది. అల్లుడికి నీలం ఇష్టమని వేశా. వాడు స్కూటరు మీదొచ్చాడు."

"మరి ఈ గులాబీ?"

"అదొకటి... మా ఆవిడ అడిగింది. మూణ్ణెల్లు వీధిలో తలెత్తుకోలేకపోయా."

పక్కన కుర్చీలో కూర్చుని ఉన్న భార్య, "నాకైతే బాగానే ఉండేది," అంది.

గంటన్నర గీకాక ఎర్ర లప్పం కనబడింది. అది తీస్తే ఇనుము. మేస్త్రి గుడ్డతో తుడిచి అంకెలు ఒక్కొక్కటే చదివాడు. ఏజెంటు పుస్తకం పట్టుకుని ‘ఊఁ’ కొడుతున్నాడు. చివరి అంకె దగ్గర ఊఁ ఆగిపోయింది.

"మూడు," అన్నాడు మేస్త్రి మళ్ళీ.

"పుస్తకంలో ఎనిమిదుంది బాబాయ్."

మేస్త్రి కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. వేలితో తడిమాడు. మూడే. ముప్ఫై ఒక్క ఏళ్ళు చంటిబిడ్డలా చూసుకున్న బండి కింద పడుకుని, ఇది ఎవరిది అనుకుంటున్నాడు ఆయన. భయం తరవాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యమే.

ఏజెంటు గొంతు తగ్గించాడు. "ఇంకా ఇరవై నిమిషాలుంది. మూడుకు ఎడమ పక్క రెండు దెబ్బలు వేస్తే ఎనిమిదవుతుంది. మీ చేతికి అదెంత పని? పైన కాస్త రంగు అద్దితే దేవుడు కూడా పోల్చుకోలేడు."

 అతని మాట నిజమే. మేస్త్రి సంచిలో ఉలి ఉంది. ఆ వంపు ఎలా తిప్పాలో చేతికి అప్పుడే తెలిసిపోయింది కూడా. చెయ్యి అలా ముందే సిద్ధమైపోవడం చూస్తే ఆయనకు తన చెయ్యి మీదే అనుమానమొచ్చింది.

అప్పుడు భార్య అంది: "మా అన్నయ్య బండి నంబరెంతో?"

అంతే, మేస్త్రికి ఆ రోజు కళ్ళకు కట్టింది. ఒక ఆఫీసు వేలంలో ఒకే రకం కార్లు రెండు అమ్మారు. ఒకటి తనూ, ఒకటి బావా కొన్నారు. రెండింటికీ తనే ఒకేసారి రంగు వేస్తానని వాటిని బావ వాళ్ళ పెరట్లో పెట్టించాడు. నంబరు ప్లేట్లు నాలుగూ విప్పి బల్ల మీద పెట్టాడు. రంగు ఆరాక తిరిగి బిగించింది కూడా తనే. వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తాళాలు అప్పట్లో ఏది దేనికైనా పట్టేవి.

ఫోను తీసి, స్పీకరు పెట్టి బావకు కలిపాడు. బావ ఆ పాత దేశంలోనే, అదే ఇంట్లో ఒక్కడూ ఉంటున్నాడు.

"ఏం బావా, బండి దిగిందా?"

"దిగింది. బావా, ఒకటడుగుతా, ఏమనుకోకు. నీ బండి పుస్తకంలో ఛాసిస్ నంబరు చివర ఎంతుంది?"

 "మూడు," అని అటు నుంచి వినబడింది. "అయితే ఇప్పటికి చూశావన్నమాట."

"నీకు ముందే తెలుసా?"

"వారానికే తెలిసింది. నా బండి రెండో గేరులో ఈల వేసేది. నువ్వు రంగేసి ఇచ్చాక ఈల పోయింది. మా బావ చేతిలో మహిమ ఉందనుకున్నా. ఆదివారం మీ ఇంటికొస్తే, మహిమ కాదు, ఈల మీ వాకిట్లో వినబడింది."

"చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? ఈల లేని బండి దొరికిన మనిషి ఎక్కడైనా పిలిచి ఇచ్చేస్తాడా? పైగా నువ్వు అందరి ముందూ ‘బంగారం’ అంటున్నావు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. తరవాత సిగ్గేసింది."

"నా బండి ఎలా ఉందిప్పుడు?"

"దేనికి దాచను? ఆరేళ్ళుగా కదల్లేదు. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి."

ఆవిడ నవ్వబోయి దగ్గులో పడింది. మేస్త్రి మంచినీళ్ళ సీసా అందిస్తూ, తనకు కోపం ఎందుకు రావడం లేదా అని తనలో తనే వెతుక్కున్నాడు. బావ దాచింది ఈలే. ఆ నంబరును ఏటేటా ఒక పూత కింద పాతిపెట్టింది తనే. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో దేవుడు ఏ త్రాసులో తూస్తాడు?

మూడింటికి అధికారిణి వచ్చింది. చేతిలో టార్చీ, నడుముకు కట్టుకున్న గుడ్డ. ఆ గుడ్డ విప్పి పరిచి, దాని మీద మోకాళ్ళు ఆనించి వంగబోతుంటే మేస్త్రి అడ్డొచ్చాడు.

"అమ్మా, మీరు చూడకముందే చెబుతాను. ఇది నా బండి కాదు. నా బండే అనుకుని తెచ్చాను."

ఏజెంటు నుదురు కొట్టుకున్నాడు. అధికారిణి మాత్రం వంగింది. నంబరు చూసింది. దాని చుట్టూ మెట్లు మెట్లుగా ఉన్న రంగుల్ని టార్చీ వేసి మరీ చూసింది. "ఇన్ని పూతలు వేసింది మీరేనా?" అని అడిగింది. మొత్తం కథ విన్నాక కలం మూసింది.

"మీ పేరు మీద ఇది లోపలికి రాదు. ఈ పూటే మీ బావగారు మీకు రాసిచ్చినా కుదరదు, ఏడాదైనా మీ పేరున ఉండాలి. శుక్రవారం ఓడకు ఎక్కించేయాలి."

మేస్త్రి తలూపాడు.

"లేదా," అంది అధికారిణి, "చూడ్డానికి వచ్చేవాళ్ళు సొంత బండి తెచ్చుకుంటే ఆరు నెలలు ఉంచుకోవచ్చు. ఆయన వస్తే ఆయన బండి. శుక్రవారంలోగా ఇక్కడ ఉండాలి, పుస్తకం పట్టుకుని."

ఫోను ఇంకా కలిపే ఉంది. అటు నుంచి బావ, "నా కోళ్ళ సంగతేంటి?" అన్నాడు.

"పక్కింటి వాళ్ళకు అప్పజెప్పి రా అన్నయ్యా," అంది మేస్త్రి భార్య. "ఎన్నేళ్ళు పిలిచినా రాలేదు నువ్వు. ఇప్పుడైనా నీ కారు కోసం రా."

గురువారం మధ్యాహ్నం ఒక చేతిసంచితో, చంకలో పుస్తకంతో బావ దిగాడు. బావలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కారు ముఖం చూశారు. అధికారిణి కాగితం మీద ముద్ర వేసి తాళాలు బావ చేతికిచ్చింది. ఆరు నెలల తరవాత ఏమిటన్నది ఎవరూ ఎత్తలేదు.

"నువ్వే నడుపు బావా," అన్నాడు బావ.

"కాగితం నీ పేరు మీదుంది. గేటు దగ్గర అడుగుతారు. నడుపు."

బావ స్టీరింగు ముందు కూర్చుని సీటు సర్దుకున్నాడు. మేస్త్రి భార్య వెనక ఎక్కింది. మేస్త్రి కారు చుట్టూ తిరిగి అవతలి తలుపు తీసి కూర్చున్నాడు. ఉక్కగా అనిపించి అద్దం దించబోయాడు. ఆ పక్క పిడిని ముందుకు తిప్పాలో వెనక్కి తిప్పాలో ఆయనకు అంతుపట్టలేదు.

"వెనక్కి తిప్పి, కాస్త పైకెత్తండి," అంది వెనక నుంచి భార్య.