నిలవని పూత

తెనాలిలో వీరబ్రహ్మం ఫోర్జింగ్ షాపు తెరవగానే రాహేలు చేసే మొదటి పని, ఉక్కు అచ్చుని వెచ్చబెట్టి దాని మీద నల్ల పూత వేయడం. ఎర్రగా కాల్చిన ఇనుప ముక్కని ఆ అచ్చులో పెట్టి హ్యామర్ మెషిన్‌తో కొడితే పడవలకి వాడే కొక్కెం తయారవుతుంది. పూత లేకపోతే ఇనుము అచ్చుకి అంటుకుపోతుంది. అచ్చు వేడికి పగిలి, తొందరగా పాత సామానులో పడుతుంది.

రాహేలు పూతకి ఇంకో గుణం ఉంది. దెబ్బ తినబోయే చోట అది నిలవదు, నీళ్లలా జారిపోతుంది. ఎక్కడ జారితే అక్కడ బీట ఉన్నట్టే. ఆ అచ్చు తీసి పక్కన పెట్టేస్తారు. పేటలో ఇంటి గోడలకి సున్నం వేయించేవాళ్లు కూడా ముందు ఆమెని పిలిచి ఒక చెయ్యి వేయించుకుంటారు. జారితే మేస్త్రీకి కబురు పెడతారు.

ఆ శుక్రవారం అచ్చంతా పూత చక్కగా పట్టింది. "బానే ఉందండి" అని వీరబ్రహ్మానికి కేకేసి, రాహేలు తన మొగుడి భుజానికి చేతులు తుడుచుకుంది. హ్యామర్ నడిపేది అతనే, మోషే.

"నీకు గుడ్డ దొరకదా?"

"నువ్వున్నావుగా."

రోజూ ఉండే గొడవే. కానీ ఆరోజు అతని భుజం మీద మరక లేదు. నలుపంతా చొక్కా మీంచి జారి గచ్చు మీద పడింది. మళ్లీ తుడిచింది. మళ్లీ జారింది. పక్కన పనిచేస్తున్న శ్యామ్ చొక్కాకి వేలు రాసింది. అంటుకుంది.

"ఏంటక్కా, బావ చొక్కా చాల్లేదా?" అన్నాడు శ్యామ్.

దెబ్బ తగలబోతోందని మోషేతో చెప్పి లాభం లేదు. నమ్మడని కాదు. నమ్మినా ఆగడు. రేపల్లె పడవలవాళ్లకి కొక్కేలు సాయంత్రానికి పంపాలి. అప్పటికే పట్టకారు అందుకున్నాడు.

రాహేలు గరుకు కాగితం తీసుకుని అచ్చు మూలన పూతంతా గీకేసింది.

"ఆపండి! పూత జారింది."

వీరబ్రహ్మం పరుగున వచ్చాడు. "ఇందాక బానే ఉందన్నావుగా అమ్మా?"

"ఇప్పుడు జారిందండి."

పూత విషయంలో ఆమె అబద్ధమాడటం అదే మొదలు. హ్యామర్ ఆపేశారు. అచ్చుని బాపట్ల తీసుకెళ్లి మెషిన్ మీద చూపించారు. వెంట్రుకంత బీట కూడా లేదు. ఈలోగా ఆర్డరు చీరాల షాపుకి పోయింది.

"ఇన్నేళ్లు నీ చేతిని నమ్మానమ్మా" అన్నాడు వీరబ్రహ్మం సోమవారం. "ఇక చాలు. హ్యామర్ అమ్మేస్తున్నా. మోషే, నువ్వు రేపల్లెలో పడవల షెడ్డుకెళ్లు, చెప్పి ఉంచాను."

ఆమెని ఎక్కడికీ వెళ్లమనలేదు. పేటలోవాళ్లు కూడా గోడలకి పిలవడం మానేశారు.

స్టేషన్‌లో మోషే చర్చికేసుకునే తెల్ల చొక్కాలో నిలబడ్డాడు. రైలు కనబడగానే రాహేలు వైపు తిరిగాడు.

"నువ్వు గీకడం చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"పెళ్లాన్ని పట్టిస్తానా? ఎందుకు గీకావో చెప్పి చావొచ్చుగా?"

రాహేలు కొంగు ముడి విప్పింది. అందులో చిటికెడు నలుపు దాచి తెచ్చింది. నూనె చుక్కతో వేలికద్ది అతని భుజానికి రాసి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఛీ! తెల్ల చొక్కానే!" మోషే కుళాయి దగ్గరికి ఉరికి తడిచేత్తో రుద్దాడు. రుద్దేకొద్దీ నలుపు ఇంకా పరుచుకుంది.

"రుద్దకు" అంది రాహేలు. "పోదులే. రైలెక్కు."